ఒక్కపొద్దు సొర

గంగమ్మకు తెలిసిన సముద్రం పది అడుగుల పొడవు, మూడడుగుల లోతు. వర్తూరు చెరువు అవతల కొత్తగా లేచిన విల్లాల వరుసలో, వెంకటేశప్ప ఇంటి హాలులో, గాజు గోడల మధ్య అది నిలబడి ఉంటుంది. దాని ఉప్పు సంచుల్లో వస్తుంది. దాని అలను ఒక మోటారు పుట్టిస్తుంది. దాని వెన్నెల మూతలోని నీలం దీపం. మడకశిర పక్కన, వాన కోసం మెడ ఎత్తి ఎత్తి అలిసిపోయిన ఊళ్ళో పుట్టిన మనిషికి ఆ మాత్రం సముద్రం చాలు. అయినా ఆమె ఆ ఇంటికి వచ్చింది వెంకటేశప్పను చూడటానికి. రోజూ, దగ్గర నుంచి, కళ్ళు ఆర్పకుండా.

ఆమె భర్త లింగన్న పునాదులు తవ్వేవాడు. గుప్పెడు మన్ను తీసి వేళ్ళ మధ్య నలిపి, ఇంకెంత లోతున నీరు ఊరుతుందో చెప్పేవాడు. మన్ను తనతో మాట్లాడుతుందని అతను ఎన్నడూ అనలేదు. మన్ను వాసన మారితే మాత్రం గోతి గట్టున నిలబడిపోయేవాడు, ఎవరు తిట్టినా దిగేవాడు కాదు. మూడేళ్ళ కిందట ఆషాఢం చివర, వెంకటేశప్ప కట్టిస్తున్న అపార్ట్‌మెంటు దగ్గర, రెండు రోజుల వాన తర్వాత గోతి గోడ విరిగి అతని మీద పడింది. బయటికి తీసేసరికి నోటి నిండా తడిమన్ను. స్టేషనులో వెంకటేశప్ప ఒక్క మాట రాయించాడు: తాగి దిగినాడు, వద్దన్నా వినలేదు.

లింగన్న తాగడు. తండ్రి సారాయికి మేకల మందనంతా పోగొట్టిన ఇంట్లో పెరిగినవాడు, పెళ్ళిళ్ళలో కల్లుకుండ ఉన్న పక్క నీడకు కూడా పోయేవాడు కాదు. రేకుల షెడ్లలో అతనితో బతికినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. వాళ్ళందరికీ మరునాడు పని కావాలన్న సంగతి వెంకటేశప్పకు తెలుసు. ఎవరూ నోరు తెరవలేదు.

చావు కంటే ఆ మాట ఎక్కువ దూరం ప్రయాణించింది. లింగన్న వాళ్ళింట్లో పోయిన పెద్దవాడి పేరును ఆ తర్వాత పుట్టిన మొదటి మగబిడ్డకు పెడతారు. పేరు అలా మళ్ళీ ఇంట్లోకి నడిచి వస్తుందని వాళ్ళ నమ్మకం. ఏడాది తిరక్కుండానే అతని తమ్ముడు రమేశ్‌కు కొడుకు పుట్టాడు. గంగమ్మ వెండి మొలతాడు కొనుక్కుని బస్సెక్కి వెళ్ళింది. ఉయ్యాల దగ్గర రమేశ్ వంగి, బిడ్డ చెవిలో వేరే పేరు చెప్పాడు. తాగి గుంతలో పడి సచ్చినోని పేరు నా బిడ్డకొద్దు వదినా అన్నాడు, ఆమెకు ఒక్కదానికే వినిపించేంత మెల్లగా. ఆమె మొలతాడు కట్టి, అన్నం తిని, తిరుగు బస్సెక్కింది. హిందూపురం దాటేవరకు కిటికీలోంచి బయటికే చూసింది. దాటాక ఆమె కళ్ళు పొడిబారాయి. ఆ రోజు నుంచి అవి మళ్ళీ తడవలేదు.

వెంకటేశప్ప తల్లి పిల్లమ్మకు ఎనభై దాటాయి. కాళ్ళు పట్టుకుపోయాక ఒక మనిషి తోడు కావలసి వచ్చింది. షెడ్లలో చీరలు పంచడానికి వచ్చినప్పుడు గంగమ్మ మాట ఆ ముసలామెకు నచ్చింది. లింగన్న పెండ్లాం తన ఇంట్లో అన్నం తింటూ ఉంటే నోరెత్తదని కొడుకు అనుకున్నాడు. దగ్గరుంటే ఏదో ఒక పొద్దు దొరుకుతాడని గంగమ్మ అనుకుంది. ఇద్దరూ సంతోషంగానే ఒప్పుకున్నారు.

ఆ గాజు సముద్రంలోకి సొర ఈ మధ్యనే వచ్చింది, దాని పనీ ఆమె మీదే పడింది. నీళ్ళు మార్చడానికి వారానికి ఒకసారి వచ్చే బెన్నీ ఆమెకు దానికి తిండి పెట్టడం నేర్పాడు. వాళ్ళ నాన్న ఎప్పుడో ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ చర్చిలో పాటలు నేర్పేవాడట. బెన్నీకి ఇద్దరు పిల్లలు. చేపల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అతనూ చిన్నపిల్లవాడైపోతాడు.

"దీన్ని బ్యాంబూ షార్క్ అంటారక్కా. వెదురు సొర. సార్ ఫ్రెండ్స్ అనుకున్నట్టు ఎగిరి కరవదు. పాపం, చాలా లేజీ."

నిజంగానే అది తీరిక గల జీవి. మూరన్నర పొడవు, వంటి మీద వెదురు కణుపుల్లాంటి మచ్చలు. తన సొంత సముద్రంలో ఉంటే, ఒడ్డుకు దగ్గరి లోతు తక్కువ నీళ్ళలో, రాళ్ళ సందున పగలంతా పొట్ట నేలకానించి పడుకుంటుందట. పొద్దు వాలాక లేస్తుంది. కళ్ళ కంటే ముక్కును నమ్ముతుంది. ముక్కు పక్కన వేలాడే రెండు చిన్న మీసాలతో నేలను తడుముతూ, ఇసుక కింద దాక్కున్న పీతను, రొయ్యను, పురుగును, చిన్న చేపను వాసనతో పోల్చుకుంటుంది. తరమదు. పోట్లాడదు. నోరు దగ్గరగా తెచ్చి ఒక్కసారిగా నీళ్ళతో పాటు లోపలికి పీల్చేస్తుంది. ఒక్కోసారి కళ్ళ దాకా ఇసుకలో దూరి, నోటిలో పడిన ఇసుకను మొప్పల చీలికల్లోంచి పొగలా ఊదేస్తుంది.

పళ్ళ సంగతి గంగమ్మకు అన్నిటికంటే నచ్చింది. మెత్తటిది నోటిలో పడితే ఆ పళ్ళు నిటారుగా నిలబడి గుచ్చుతాయి. పెంకు తగిలితే వెనక్కి వాలి, పక్కపక్కన చదునుగా పరుచుకుని నూరుతాయి. ఒకే నోరు, రెండు తీర్ల పళ్ళు. ఎవరికి ఏ పళ్ళు చూపాలో తెలిసిన నోరు. బెన్నీ చెబుతుంటే ఆమె పొడుగు పటకారు పట్టుకుని వింటూ నిలబడింది, పాఠం తనకే చెబుతున్నట్టు.

మూడు రోజులకొకసారి స్క్విడ్ అనే మెత్తటి కణవ ముక్కలు, రొయ్యలు. గాజు అంచు మీద పటకారుతో మూడు దెబ్బలు, ఎప్పుడూ ఎడమ మూలలో. నెల తిరిగేసరికి ఆ మూడు దెబ్బలకు సొర రాతి కింద నుంచి బయటికి వచ్చేది. వెంకటేశప్ప తట్టినా రాదు, బెన్నీ తట్టినా రాదు. అది తన ఒక్కదాని మాట వింటుందని తెలిసిన సాయంత్రం గంగమ్మ చాలాసేపు ఆ నీలం వెలుతురులో నిలబడిపోయింది. ఆ ఇంట్లో వెంకటేశప్ప అందరికీ చూపించి మురిసేది ఒక్కటే, అది ఈ సొర. అది ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

ఒకసారి బట్టల సబ్బుపొడి గుప్పిట్లోకి తీసుకుంది. గుప్పెడు చాలు. కానీ సొర చస్తే అతను ఇంకో సొరను కొంటాడు. పొడిని తిరిగి డబ్బాలో పోసి చేయి కడుక్కుంది. తన మొగుని దగ్గర అతను తీసుకున్నది పేరు. అతని దగ్గర తను తీసుకోవలసింది కూడా అదే.

ఆ ఏడాది శ్రావణం వచ్చింది. ఆ ఇంట్లో శ్రావణమంతా నీసు గడప తొక్కదు. గుడ్డు పెంకు కూడా కనపడకూడదు. మరి సొర సంగతేమిటని పిల్లమ్మ అడిగింది. బెన్నీని అడిగితే, కొన్ని వారాలు తిండి లేకపోయినా అది బతుకుతుంది, కానీ అలా పెట్టడం మంచిది కాదన్నాడు. వెంకటేశప్ప ఆ మాటలో మొదటి సగం విన్నాడు. సొర కూడా తమతో పాటు ఒక్కపొద్దు ఉంటుందని నవ్వుతూ అన్నాడు.

మొదట అది నవ్వులాటే. పూజకు వచ్చిన ఒకామె ఫోనులో తీసి, మాంసం ముట్టని సొర అని అందరికీ పంపింది. రెండో వారానికి జనం రావడం మొదలైంది. హొసకోటె నుంచి ఒక కుటుంబం కారు వేసుకుని వచ్చింది. ఎవరో గాజు మీద కుంకుమ పెట్టారు. ఎవరో తులసి ఆకులు నీళ్ళలో వేయబోతే బెన్నీ పరుగెత్తి ఆపాడు. వెంకటేశప్ప తెల్ల పంచె కట్టుకుని, ఇన్ని దినాలుగా ఇది గింజ ముట్టలేదని చేతులు జోడించి చెప్పేవాడు. లేఅవుటులో కట్టబోయే గుడికి అతన్నే అధ్యక్షుణ్ణి చేయాలని పెద్దమనుషులు అనుకుంటున్నారు. అతని ముఖం రోజురోజుకూ మెరుస్తోంది.

పదో రోజు సాయంత్రం వంటింటి వెనక అతను గంగమ్మను పిలిచి గొంతు తగ్గించాడు. అది సరిగా కదలడం లేదని, చచ్చిపోతే పరువు పోతుందని అన్నాడు. దీపాలు తగ్గించాక, ఎవరూ లేనప్పుడు, వాసన రాకుండా ఏదైనా కొంచెం వెయ్యమన్నాడు. అవ్వకు కూడా చెప్పొద్దన్నాడు.

గంగమ్మ తల ఊపింది. లోపల ఏదో మెల్లగా పొట్ట నేల మీద నుంచి లేచి కదలడం ఆమెకు తెలిసింది.

కణవ ముక్క వేస్తే సొర మింగేస్తుంది, ఆనవాలు మిగలదు. అందుకే ఆమె వర్తూరు చేపల అంగడి నుంచి చిన్న చిన్న సముద్రపు పీతలు తెచ్చింది, మంచులో పెట్టినవి, సంచిలో సంచి వేసి. రోజు విడిచి రోజు, చీకటి పడే వేళ, మూడు దెబ్బలు. సొర వచ్చేది. పెంకు తగిలిన చప్పుడు నీళ్ళలోంచి గాజుకు, గాజులోంచి ఆమె వేళ్ళకు వచ్చేది. మెత్తటిదంతా తిని, గట్టి కొండ్లను, పెంకు ముక్కలను అది ఉమ్మేసేది. కుళ్ళే తునకలు ఉంటే గంగమ్మ చిన్న వలతో తీసేసేది. పెంకులను మాత్రం పటకారుతో ఎడమ మూల ఇసుకలో లోతుగా గుచ్చి, పైన సమంగా దువ్వేది. పునాది పోసినంత శ్రద్ధగా చేసింది ఆ పని.

పొద్దున వెంకటేశప్ప ఆ ఇసుక ముందే నిలబడి జనానికి దండాలు పెట్టేవాడు. ఆమె పిల్లమ్మ కాళ్ళకు నూనె రాస్తూ చూసేది. ఆ నెలంతా ముసలామెతో పాటు తనూ ఒక్కపొద్దే ఉంది. ఆకలి ఆమెను ఏమీ చేయలేదు. కడుపులో ఇంకొకటి నిండుగా ఉంది.

చివరి శుక్రవారం పెద్ద పూజ పెట్టారు. యాభై మందిని పిలిచారు. పెద్దమనుషులు వస్తున్నారు, ఫోన్లో అప్పటికప్పుడు అందరికీ చూపించే కుర్రవాళ్ళను కూడా మాట్లాడారు. మధ్యాహ్నం వెంకటేశప్ప హాలులో పూలదండలు సరిచేయిస్తుంటే గంగమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"సార్, ఈ పొద్దు మైకు పట్టుకున్నప్పుడు ఒక మాట చెప్పండి. లింగన్న తాగి దిగలేదని."

అతను మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. "అయిపోయిన కథ కదమ్మా అది. నీకు పండక్కి చీర తీసి పెట్టినాను, అవ్వనడిగి తీసుకో."

"చీర వద్దు సార్. మాట చాలు."

"పోయినోడు పోయినాడు. తాగినాడా లేదా అని చూసి దేవుడేమన్నా మార్కులు వేస్తాడా?" అని, దండ కొంచెం పైకి కట్టమని పనివాడికి చెప్పి వెళ్ళిపోయాడు.

గంగమ్మ వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగింది. ఒకవేళ అతను సరేనని ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియదు. ఇన్నాళ్ళు పదును పెట్టుకున్నది చేతిలోనే ఉండిపోతుందేమోనని లోపల ఒక భయం ఉండింది. ఆ భయం తీరింది. ఆమెకు దాదాపు సంతోషంగా ఉంది.

పొద్దు వాలింది. హాలంతా మల్లెపూలు, కర్పూరం, కొత్త పట్టుచీరల గరగర. పిల్లమ్మను చక్రాల కుర్చీలో తొట్టి పక్కనే కూర్చోబెట్టారు. హారతి అయ్యాక వెంకటేశప్ప మైకు తీసుకుని, నోరు లేని జీవానికి ఉన్న నిష్ఠ మనుషులకు లేదన్నాడు. ఇరవై ఎనిమిది దినాలుగా ఇది నీసు వాసన కూడా చూడలేదన్నాడు. అబద్ధం ఆడితే నాలుకకు తెలుస్తుందన్నాడు. ఫోన్లన్నీ గాజు వైపు తిరిగాయి. సొర రాతి కింద పడుకుని ఉంది, దేవుడి పటంలా కదలకుండా.

గంగమ్మ పిల్లమ్మ కుర్చీ వెనక నుంచి నడిచి వచ్చింది. పటకారు ఎత్తింది. గాజు అంచు మీద మూడుసార్లు కొట్టింది.

సొర లేచింది. నీలం వెలుతురులో నిదానంగా, ఎవరి భక్తీ పట్టనట్టు, ఎడమ మూలకు వచ్చింది. పైనుంచి ఏమీ పడలేదు. అది కాసేపు మీసాలతో తడిమింది. ఇసుకలోంచి ఇంకా వస్తున్న వాసన దానికి తగిలింది. కళ్ళ దాకా ముఖం దూర్చింది. మొప్పల్లోంచి ఇసుక మబ్బులా లేచింది. ఆ మబ్బులోంచి పీత కాలు ఒకటి తేలి, తిరిగి, గాజుకు ఆనుకుని నిలబడింది. తర్వాత ఒక కొండి. తర్వాత పెంకు ముక్కలు, నాలుగు, పది, పదిహేను. శ్రావణమంతా ఒక్కొక్కటే పైకి వచ్చింది.

సొర ఒక కొండిని నోటితో పీల్చుకుని నూరడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు హాలంతా వినిపించింది.

"ఎండ్రకాయ కాళ్ళు కదా అవి" అంది వెనక నుంచి ఒకామె. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది. గుడి పెద్దమనుషుల్లో ఒకాయన మెడలోని దండ తీసి కుర్చీ మీద పెట్టాడు.

వెంకటేశప్ప ముఖం రంగు మారింది. మైకు ఇంకా చేతిలోనే ఉంది. "నాకేం తెలియదు" అన్నాడు. అలవాటైన దారి అతని నాలుకకు దొరికింది. "ఈమె తాగొచ్చి వేసింటాది. చూస్తాండారు కదా, తాగే ఉండాది. మొగుడూ అంతే, తాగి గుంతలో పడ్న్యాడు. వాళ్ళింట్లోనే ఉండాది ఆ గుణం."

ఆ మాట గోడల మీది స్పీకర్లలోంచి రెండోసారి వచ్చింది. గంగమ్మ కదలలేదు. మూడేళ్ళ కిందట ఆ మాట ఏ ముఖంతో అన్నాడో ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది. ఎంత సులువుగా, చెప్పులు వేసుకున్నంత సులువుగా అన్నాడో చూసింది. ఆమె నేరుగా పిల్లమ్మ దగ్గరకు వెళ్ళి, వంగి, ముసలామె ముఖం మీద ఊపిరి వదిలింది.

"వాసన చూడవ్వా. చూసి అందరికీ చెప్పు."

పిల్లమ్మ చూడనవసరం లేదన్నట్టు చేయి ఆడించింది. ఆమె చూపు కొడుకు మీద ఉంది.

"పొద్దన్నుంచి నా పక్కనే పస్తుండాదిరా ఇది. లింగన్నకు గూడా ఇదే మాట అంటివి కదా. ఆ రేయి నా మంచం కాడ కూర్చోని ఏం చెప్తివి? మన్ను తడిగా ఉండాది, దిగనప్పా అనె వాడు. నేనే దింపితిని అమ్మా అని ఏడిస్తివి. ఇంగెంతమందిని తాగిస్తావు నువ్వు?"

హాలులో ఫోన్లు ఒక్కటీ దిగలేదు.

గంగమ్మ కోరుకున్నది అతన్ని అబద్ధాలవాడిగా నిలబెట్టడం ఒక్కటే. ఇది ఆమె అడగని వరం. అయినా ఆమెలో చల్లబడింది ఏమీ లేదు. ఆమె ముసలామె వైపు తిరిగింది. రెండేళ్ళు ఆ కాళ్ళకు నూనె రాసింది. రెండేళ్ళు పొద్దున్నే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగారు. ప్రతి కాఫీలో ఆ మాట ముసలామె నోటి లోపలే ఉంది.

"నీకు ముందే తెలుసు కదవ్వా" అంది. పిల్లమ్మ కళ్ళు దించుకుంది. గంగమ్మ ఆమెను అలాగే వదిలేసింది.

వెళ్ళే ముందు ఒక పని చేసింది. జనం వెళ్ళిపోతూ ఉండగా, వెంకటేశప్ప గదిలోకి పోయి తలుపేసుకుని ఉండగా, చిన్న వల తీసుకుని తొట్టిలోని పెంకులన్నీ ఏరేసింది. నీళ్ళు చెడితే సొర బాధపడుతుంది. దాని మీద ఆమెకు ఏ పగా లేదు. బెన్నీకి ఫోన్ చేసి, ఇకమీదట నువ్వే చూసుకో అప్పా అని చెప్పి, గేటు దాటింది.

నాలుగు రోజుల్లో ఆ దృశ్యం దొడ్డబళ్ళాపురం మగ్గాల దగ్గరి నుంచి మడకశిర టీకొట్ల దాకా పోయింది. గుడికి వేరే అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. ఐదో రోజు పొద్దున, పనికి పోయేవాళ్ళు సద్ది మూటలు కట్టుకునే వేళ, వెంకటేశప్ప కారు రేకుల షెడ్ల ముందు ఆగింది. అతను ఒక్కడే దిగాడు. గడ్డం గీయలేదు. అమ్మకు వయసైంది, ఏదేదో మాట్లాడింది, అదంతా నిజం కాదని నువ్వొక్క మాట ఫోను ముందర చెప్పు గంగమ్మా అన్నాడు. ఏం కావాలన్నా చేస్తానన్నాడు.

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు తుడుచుకుని, షెడ్ల మధ్య ఖాళీ స్థలంలోకి వచ్చింది. లింగన్నను గోతిలోంచి లాగినవాళ్ళు అక్కడే ఉన్నారు. ఆనాడు నోరు తెరవనివాళ్ళూ వాళ్ళే. ఆమె వాళ్ళను కూడా ఒక్కొక్కరినే చూసింది. కొందరు నేల చూశారు. ఆమె ఊరికి ఫోన్ చేసింది. రమేశ్ ఎత్తాడు. ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

"నాకేమీ వద్దు సార్. ఆ పొద్దు ఏం జరిగిందో వీళ్ళ ముందర చెప్పండి."

వెంకటేశప్ప చుట్టూ చూశాడు. కారు వైపు చూశాడు. కారు దారిలో అప్పటికే ఇరవై మంది నిలబడి ఉన్నారు, చేతుల్లో పారలు, తలల మీద తట్టలతో. అతను గొంతు సవరించుకున్నాడు. లింగన్న తాగలేదని చెప్పాడు. మన్ను తడిగా ఉంది, దిగనన్నాడని చెప్పాడు. తనే దింపానని చెప్పాడు. చివరి మాటను నేల వైపు చూస్తూ చెప్పాడు.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుంది. రమేశ్ గొంతు వచ్చింది, తడిగా. "విన్న్యాను వదినా. అంతా విన్న్యాను."

గంగమ్మ ఫోన్ చెవి నుంచి తీసింది. వెంకటేశప్ప వైపు చూసింది.

"ఊర్లో వాళ్ళకు సరిగా వినపళ్ళేదంట సార్" అంది. "ఇంగోసారి చెప్పండి. గట్టిగా."